సందు అడిగిన ఐసాయన

మొన్న ఫిబ్రవరి పన్నెండు, గురువారం ఉదయం ఏడు గంటల నలభై నిమిషాలకు మా ఇంటి తూర్పు గోడ మీద ఎండ పడింది. ఈ ఇంట్లో నేనుంటున్న ఇరవై రెండేళ్ళలో ఆ గోడ మీద పొద్దుటెండ పడడం అదే మొదలు. పక్కింటివారు తమ రెండంతస్తుల పాత ఇంటిని అపార్టుమెంటు కోసం బిల్డరుకు ఇచ్చారు. బుధవారం సాయంత్రానికి పై అంతస్తు, కింది గోడల్లో సగం నేలకు దిగాయి. మర్నాడు పొద్దున కాఫీ గ్లాసుతో వంటింటి కిటికీ తెరిచేసరికి, రెండిళ్ళ మధ్య సందు నిండా ఎండ.

ఆ సందులో పద్నాలుగు కుండీలున్నాయి. పద్నాలుగూ నీడ మొక్కలే. అడవుల్లో పెద్ద చెట్ల కింద బతికేవి, నాలుగు రోజులు ఎండ తగిలితే కాగితంలా మాడిపోయేవి. వాటిని అక్కడ పెట్టిన మనిషి కిందటి నవంబరులో కాలం చేశారు. ఆ ఎండను చూసి ఉంటే ఆయన ఏం చేసేవారో నాకు తెలుసు. తలకు చుట్టుకున్న తడి తువ్వాలు విప్పి, దగ్గరున్న మొక్క మీద కప్పేవారు.

ఆయన పేరు నేను అన్నీ రాసుకునే పుస్తకంలో ఉంది కానీ ఇక్కడ రాయను. “ఐసాయన అని రాసుకోండి చాలు, ఊళ్ళో అందరికీ అట్టాగే తెలుసు” అనేవారు. అలాగే రాస్తున్నాను.

ఆయన మా గేటు దగ్గరకు మొదటిసారి వచ్చింది ఎనిమిదేళ్ళ కిందటి జూన్ నెలలో. నేను వరండాలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాను. ఒక మనిషి సైకిలు ఆపి, ఇంటిని కాకుండా ఇంటి పక్కకు చూస్తున్నారు. అరవై ఏళ్ళుంటాయి. నల్లగా, సన్నగా ఉన్నారు. సైకిలు వెనక కట్టిన గోనెసంచిలోంచి నీళ్ళు చుక్కలు చుక్కలుగా కారుతున్నాయి.

“మేడంగారూ, మీ సందు ఎవరికన్నా ఇచ్చారా అండీ?”

“సందు ఇవ్వడమేమిటి?”

“అదేనండి, వాడుకోడానికి.”

“ఎవరికీ ఇవ్వలేదు. అందులో విరిగిన కుర్చీలున్నాయి.”

“కుర్చీలకి నీడెందుకండీ?”

పేపరు మడిచి పక్కన పెట్టాను. ఆయనే మళ్ళీ అన్నారు. “ఈ సందులోకి మిట్టమధ్యాహ్నం ఒక్క అరగంటే వస్తదండి ఎండ. మిగతా పగలంతా చల్లన. ఇట్టాంటి సందు ఈ చుట్టుపక్కల ఇంకోటి లేదు. నా దగ్గర కాసిని మొక్కలున్నాయండి, ఎండకి ఆగవు. మీరు ఊ అంటే తెచ్చి పెట్టుకుంటాను. నీళ్ళు కూడా నేనే తెచ్చుకుంటాను.”

నేను ఊ అనలేదు. నాలుగు రోజులు ఆగి రమ్మన్నాను. నేను కాలవల ఆఫీసులో ముప్ఫై ఒక్క ఏళ్ళు గుమాస్తాగా పనిచేశాను, మొదట గుడివాడలో, తర్వాత బందరులో. పొద్దున ఆరింటికి కాలవలో నీరు ఎంత ఎత్తున ఉంది, సాయంత్రం ఆరింటికి ఎంత ఉంది అని గట్ల మీద కాపలా ఉండే లస్కర్లు చూసి చెబితే రిజిస్టరులో ఎక్కించడం నా పని. నోటిమాటగా అరగంట అంటే నాకు కుదరదు. గడియారం పట్టుకుని మూడు మధ్యాహ్నాలు సందు మొగలో నిలబడ్డాను. మొదటి రోజు ఇరవై తొమ్మిది నిమిషాలు, రెండో రోజు ముప్ఫై ఒకటి, మూడో రోజు సరిగ్గా ముప్ఫై. నాలుగో రోజు పొద్దున కుర్చీలు పాత సామాన్లవాడికి ఇచ్చేశాను.

ఆయన గిలకలదిండి రేవు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో పనిచేసేవారు. చేపల పడవలకు ఐసు కొట్టి ఎక్కించే పని. పడుచు వయసులో మాత్రం తొక్కుడు బండి మీద ఐసు దిమ్మలు వేసుకుని, ఊళ్ళో సోడా కొట్లకూ పెళ్ళిళ్ళకూ చేరవేసేవారట. ఊకలో పొర్లించి, గోనె కప్పి, తాడు బిగించి బయలుదేరేవారు. ఎండన పడి వెళ్తే చేరేసరికి దిమ్మలో పావు వంతు కరిగిపోయేది. పెళ్ళివారితో మాటలు పడాలి. నీడన వెళ్తే దాదాపు దిమ్మంతా చేరేది. అందుకని బందరులో ఏ వీధిలో ఏ గంటకు ఏ పక్కన నీడ ఉంటుందో ఆయనకు కంఠతా వచ్చు. బండి మానేసి ముప్ఫై ఏళ్ళయినా ఆ నడక మానలేదు. పొద్దున తూర్పు వైపు అరుగుల వారన, సాయంత్రం పడమటి వైపు అరుగుల వారన నడిచేవారు. పన్నెండు నుంచి ఒంటిగంట దాకా ఎక్కడున్నవారు అక్కడ ఆగిపోయేవారు. “ఈ గంటలో ఊరికి నీడ లేదండి” అనేవారు, బ్యాంకుకు సెలవు అన్నంత మామూలుగా.

ఒకసారి కోనేరు సెంటర్లో నేను ఆటో దిగి రోడ్డు మధ్యగా వెళ్తుంటే అవతలి గోడ వారనుంచి కేక వినిపించింది.

“మేడంగారూ! అటు ఎండ! ఇటు రండి, కరిగిపోతారు!”

బట్టల కొట్టు ముందు నిలబడ్డవాళ్ళంతా తిరిగి నన్ను చూశారు. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా గోడ పక్కకు వెళ్ళాను. అక్కడ నిజంగానే చల్లగా ఉంది.

ఐసు మనిషికి అడవి మొక్కలేమిటి అని నేనూ అడిగాను. గిలకలదిండిలో పడవలు కట్టడానికి ఏజెన్సీ అడవుల నుంచి లారీల మీద దుంగలు వస్తాయి కదా, వాటితో వచ్చాయట.

“దుంగకి ఒక పక్కన పాచి ఉంటదండి. ఆ పాచిలో ఇయ్యన్నీ కూర్చునుంటాయి. లారీ అడుగున మట్టిలో దుంపలు కూడా దొరుకుతాయి. పడవోళ్ళకి కావలసింది కర్ర. బెరడు చెక్కి అవతల పారేస్తారు. ఆ ఉప్పుగాలికి పాచిలో ఉన్నోళ్ళు సాయంత్రానికల్లా అయిపోతారు పాపం. ఇంత దూరం వచ్చినోళ్ళు గదా అని తెచ్చుకున్నాను.”

మొక్కల గురించి ఆయన ఎప్పుడూ అలాగే మాట్లాడేవారు, వచ్చినోళ్ళు, ఉన్నోళ్ళు, అలిగినోళ్ళు అని. తానుండేది ఎండకు పెనంలా కాలే రేకుల గదిలో. అంచేత మొక్కల్ని ఎప్పుడూ ఒకరి నీడన పెట్టవలసి వచ్చేది. మొదట ఒక లాడ్జీ మెట్ల కింద, తర్వాత ఒక బడి వెనక, ఆ తర్వాత ఒక పంపు గది పక్కన. మెట్లు పడగొట్టారు. బడి వెనక సైకిలు స్టాండు కట్టారు. పంపు గది ఆవరణకు తాళం పడింది. మా సందు ఆయనకు నాలుగోది.

“ప్రతిసారీ ఇలా అడుక్కోవడం కష్టంగా ఉండదూ?” అన్నాను ఒకనాడు.

“అడుక్కోటం కాదండి, అడగటం. గోడ వాళ్ళదండి. నీడ అడిగినోళ్ళది.”

పేర్లు కూడా ఆయనవే. ఫెర్న్ మొక్కను ఈకలది అనేవారు. ఏనుగు చెవులంత ఆకులుండే అడవి చేమను చెవులది అనేవారు. చెంగల్వకోష్టు కాండం మెలితిరిగి పెరుగుతుంది కాబట్టి అది మెలికలది. సున్నిపిండిలో వేసే గంధకచ్చూరాన్ని దుకాణంలో ఎండు ముక్కలుగా తప్ప ఎరగని నేను, అది నేలకు కరుచుకుని రెండే రెండు ఆకులతో బతికే మొక్క అని ఆయన చూపిస్తేనే తెలుసుకున్నాను. ఇంకొకటి మట్టికుండలో ఉండేది. ఆకు పైన బూడిదరంగు మచ్చలు, అడుగున వంగపండు రంగు. దాన్ని నేలపువ్వు అనేవారు. నేను పుస్తకాలు తిరగేసి, దాని పేరు భూచంపకం అని చెప్పాను. “అబ్బో, పెద్ద పేరే ఉంది” అని మెచ్చుకుని, మళ్ళీ నేలపువ్వు అనే పిలిచారు. ఆ కుండను మాత్రం అన్నిటికంటే లోపల, ఇటుకల మీద పెట్టేవారు. ఎందుకని నేనడగలేదు. అడగడం నాకు అలవాటు లేదు.

బందరులో బోరు నీళ్ళు ఉప్పు. కుళాయి రోజు మార్చి రోజు వస్తుంది, వేసవిలో కాలవలకు నీరు ఆపేస్తే అదీ గ్యారంటీ లేదు. ఆయన ఏ నీళ్ళయినా ముందు వేలు ముంచి నాలిక మీద పెట్టుకునేవారు. ఐసు ఫ్యాక్టరీలో నేర్చుకున్న పని అది. అక్కడ ఐసు డబ్బాల చుట్టూ ఉప్పునీళ్ళు ఉంటాయి, డబ్బాకు చిల్లి పడితే ఐసు పాడవుతుంది, నాలిక పెట్టి చూస్తేనే తెలుస్తుంది. మా కుళాయి నీళ్ళు రుచి చూసి, “ఇయ్యాళ పరవాలేదండి” అనో, “ఇయ్యాళ చెవులదానికి వద్దు, ఈకలది సర్దుకుపోతది” అనో తీర్పు చెప్పేవారు. మా ఇంటికి వచ్చిన కొత్తలో నేనిచ్చిన మజ్జిగను కూడా అలాగే వేలు ముంచి చూశారు. నేను గుడ్లురిమి చూస్తే, “అలవాటండీ, ఏమనుకోకండి” అని గ్లాసెత్తి ఒక్క గుక్కలో తాగేశారు.

ఏప్రిల్, మే నెలల్లో ఆయన పద్ధతి వేరు. డ్యూటీ దిగి వచ్చేటప్పుడు ఫ్యాక్టరీలో పగిలిన ఐసు ముక్కలు గోనెలో కట్టుకుని తెచ్చేవారు. కుండీల మధ్య ఊక పోసి, ఊక మీద ఇటుకలు, ఇటుకల మీద ఆ గోనె పెట్టేవారు. మొక్క మొదలుకు తగలనిచ్చేవారు కాదు. గోనె లోపల ఐసు మెల్లగా కరిగి, ఊక తడిసి, సందంతా చలువ పట్టేది. సైన్సు ప్రకారం ఇది ఎంతవరకు పనిచేస్తుందో తెలుసుకుందామని నేను థర్మామీటరు కట్టాను. బయట నలభై ఒకటి ఉన్నప్పుడు సందులో ముప్ఫై మూడు ఉండేది. ఆ అంకెలు చదివి వినిపిస్తే ఆయన పెద్దగా నవ్వారు. “మొక్కల్ని చూస్తే తెలవట్లా? దానికి గాజుగొట్టం ఎందుకండీ, లెక్కల మేడంగారూ!” నేను లెక్కల టీచర్ని కాదని ఎన్నిసార్లు చెప్పినా ఆ పిలుపు మానలేదు.

ఒక వానాకాలం నేను జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. ఎడమ చేత్తో బకెట్టు మోస్తుంటే చూసి, చేతిలోంచి అందుకున్నారు.

“పక్కింటావిణ్ణి ఒక బిందె పట్టి పెట్టమని అడగొచ్చు గదండీ.”

“నేనెవర్నీ ఏదీ అడగను.”

“ఎందుకండీ?”

“అంతే. నా సర్వీసు మొత్తంలో ఒక్క సెలవు పొడిగించమని కూడా అడగలేదు.”

“అంటే అడగటం రాదన్నమాట.” బకెట్టు దించి, తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు. “చదువుకున్నోళ్ళకి కష్టమేలెండి.”

“నాకు అవసరం రాలేదు.”

“వస్తదండి” అన్నారు, సాయంత్రం వాన వస్తుంది అన్నట్టు.

ఇక నేను చేసిన తప్పు రాయాలి. అది రాయకుండా ఆయన గురించి రాస్తే అబద్ధం రాసినట్టే.

ఆయన మొక్కలు పెట్టిన ఏడాదే, నవంబరు ఆఖర్లో, అన్నగారి ఇంటి పని మీద దివిసీమలో తమ ఊరు వెళ్ళారు. తిరిగి వచ్చేసరికి నెల పడుతుందన్నారు. నీళ్ళు నేను పోస్తానన్నాను. ఏ కుండీకి ఎన్ని గ్లాసులు, ఎన్ని రోజులకొకసారి అన్నది కాగితం మీద రాసుకున్నాను. ఆయన వెళ్ళిన వారానికి నేలపువ్వు ఆకులు పసుపెక్కాయి. మరో వారానికి రాలిపోయాయి. కుండలో మట్టి తప్ప ఏమీ మిగల్లేదు. అయినా నా కాగితం ప్రకారం రోజూ ఒక గ్లాసు పోస్తూనే ఉన్నాను. ఇరవై మూడు రోజులు చూశాను. మొలక లేదు. మా ఆఫీసులో ఒక కాలవకు వరసగా ఇరవై రోజులు నీటిమట్టం రాకపోతే దాన్ని మూసేసినట్టు రాసి, గీత కొట్టేసేవాళ్ళం. నేనూ అదే చేశాను. పుస్తకంలో ‘చనిపోయింది’ అని రాసి, తేదీ వేశాను. మట్టిని పెరట్లో కరివేపాకు చెట్టు మొదట్లో గుమ్మరించాను. కుండను కడిగి బోర్లించాను. శుభ్రంగా చేశానని తృప్తి కూడా పడ్డాను.

ఆయన జనవరి ఎనిమిదిన వచ్చారు. మంగళవారం. సందులోకి వెళ్ళినవారు ఎంతకీ బయటికి రాకపోతే నేను వెళ్ళాను. బోర్లించిన కుండ పక్కన గొంతుక్కూర్చుని ఉన్నారు. చెయ్యి కుండ మీద ఉంది.

“అది చచ్చిపోయింది” అన్నాను. “ఇరవై మూడు రోజులు చూశాను.”

“ఏం చూశారండీ?”

“ఆకు వస్తుందేమోనని.”

“ఈ నెలల్లో రాదండి. పడుకుంటది. ఎండలు ముదిరాక లేస్తది.”

“మరి నాకు చెప్పలేదేం?”

“మీకు తెలీదనుకోలేదండి. అన్నీ రాసుకుంటారు గదా.”

ఆయన గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నయమనిపించింది. కాసేపటికి కుండను తిప్పి నిలబెట్టి, లోపలికి చూస్తూ అన్నారు. “మా ఆవిడ మంచాన ఉన్నప్పుడు పూసిందండి ఇది. ఆవిడ నోరు తెరిచి అడిగి చూసిన పువ్వు ఇదొక్కటే. లారీ కింద ఒకటే దుంప దొరికింది, మళ్ళీ ఎక్కడా దొరకలేదు.”

ఆయన్ని పెరట్లోకి తీసుకెళ్ళాను. కరివేపాకు చెట్టు చూపించాను.

వీధి చివర ఇల్లు కడుతున్న మేస్త్రీ దగ్గరకు వెళ్ళి ఆయనే ఇసక జల్లెడ అడిగి తెచ్చారు. ఆ మధ్యాహ్నం మేమిద్దరం చెరో పక్కా కూర్చుని, కరివేపాకు మొదట్లో మట్టినంతా జల్లించాం. నా వెండిగ్లాసుతో మట్టి తోడి జల్లెడలో పోస్తుంటే ఆయన రెండు చేతులతో అటూ ఇటూ ఆడించారు. వేళ్ళు, గవ్వలు, ఒక విరిగిన దువ్వెన వచ్చాయి. నాలుగు దాటాక వేలెడంత దుంప ఒకటి పడింది. నొక్కితే మెత్తగా నీరు కారింది. వాసన చూసి పక్కన పెట్టారు. అది కుళ్ళింది నేను పోసిన నీళ్ళకు.

“పడుకున్నోళ్ళ నోట్లో నీళ్ళు పోస్తారా అండీ?” అన్నారు. అప్పుడు మాత్రం గొంతు కాస్త పెరిగింది.

ఐదున్నరకు ఇంకొక ముక్క దొరికింది. ఉసిరికాయంత. గట్టిగా ఉంది. ఆయన దాన్ని చొక్కాకు తుడిచి, నాలిక చివర ఆనించి చూసి, నవ్వారు.

దాన్ని పొడి ఊకా ఇసకా కలిపి కుండలో పెట్టాక, నా పుస్తకం తెమ్మన్నారు. ఆయనకు చదవడం కొంచెం కొంచెం వచ్చు. ‘చనిపోయింది’ అన్న మాట మీద వేలు పెట్టి, “ఇది కొట్టెయ్యండి” అన్నారు. కొట్టేశాను. “పడుకుంది అని రాయండి.” రాశాను. ముప్ఫై ఒక్క ఏళ్ళ ఉద్యోగంలో నేను ఎక్కించిన అంకె ఏదీ నా చేత ఎవరూ కొట్టేయించలేదు.

ఆ తర్వాత నూట ముప్ఫై ఒక్క రోజులు మేమిద్దరం ఖాళీ కుండను చూశాం. ఆయన రోజూ వచ్చేవారు, కుండలోకి తొంగి చూసేవారు, “పడుకోనివ్వండి” అని వెళ్ళిపోయేవారు. నేను పైకి అనలేదు గానీ రోజుకు నాలుగుసార్లు చూసేదాన్ని. ఆ కుండలో ఏమీ లేకపోతే ఆయన ముఖం ఎలా చూడాలి అన్నదే నా బెంగ. మే పంతొమ్మిది ఆదివారం పొద్దున ఆరూ పదికి ఇసక చీలి, ఆకన్నది లేకుండా, నేలలోంచి నేరుగా పువ్వు వచ్చి ఉంది. పైకి లేచిన తెల్లటి రేకులు, ముందుకు పరిచినట్టు ఊదారంగు రేకు. సందు మొగలోకే వాసన తెలుస్తోంది.

ఆయన వచ్చి, కుండ ముందు కూర్చున్నారు.

“ఎన్ని రోజులైందండీ?”

“నూట ముప్ఫై ఒకటి.”

“మా ఆవిడ రోజూ అడిగేదండి, లేచిందా, లేచిందా అని. అప్పుడు మీ పుస్తకం ఉంటే ఫలానా నాటికి లేస్తదని చెప్పేవాణ్ణి.”

“చూశారు కదా ఆవిడ?”

“చూసింది. అప్పుడు పెయింటు డబ్బాలో ఉండేదండి, ఆ డబ్బాతో సహా మంచం మీద పెట్టాను. పొద్దున చూసింది. సాయంత్రానికి పువ్వు వాడిపోయింది. మా ఆవిడ ఇంకో వారం ఉంది.”

అప్పటి నుంచి ఏడు వేసవులు అది పూసింది. ఆ తేదీలన్నీ నా దగ్గర ఉన్నాయి. మే పదికి ముందు గాని, జూన్ రెండు దాటాక గాని ఒక్కసారీ పూయలేదు. ప్రతి ఏడూ పువ్వు విచ్చిన పొద్దున ఆయన ఐసు తేవడం మానేసేవారు, ఆ రోజు చేతులు ఖాళీగా ఉండాలని.

కిందటి అక్టోబరులో జ్వరం తగిలి, గుడ్లవల్లేరులో కూతురి దగ్గరకు వెళ్ళారు. మళ్ళీ రాలేదు. డిసెంబరులో ఆ అమ్మాయి బస్సెక్కి వచ్చి, ఐసు కొట్టే గునపం, ఒక గోనెసంచి నా చేతికిచ్చింది.

“నాన్న ఇవి మీకిమ్మన్నాడండి. ఇంకో మాట కూడా చెప్పమన్నాడు. నేలపువ్వుకి నీళ్ళు పొయ్యొద్దని.”

ఏడేళ్ళయినా నా తప్పు ఆయన మర్చిపోలేదు. ఆ అమ్మాయి వెళ్ళాక నాకు నవ్వు వచ్చింది, నవ్వు ఆగాక కళ్ళు తుడుచుకోవలసి వచ్చింది.

ఇప్పుడు ఆ సందులో ఎండ. ఏడూ నలభై నుంచి పన్నెండూ ఇరవై దాకా, నాలుగు గంటల నలభై నిమిషాలు. అరగంటకు అలవాటుపడ్డ మొక్కలవి. పాత చీరలు కట్టాను, సముద్రం గాలికి చిరిగాయి. ఆకుపచ్చ వల తెచ్చి కట్టించాను, పడగొట్టే గోడల దుమ్ము దాని మీద పేరుకుని ఒక పక్కకు కూలింది. ఈకలదానికి నలభై ఒక్క ఆకులు. శనివారానికి పదిహేడు మాడిపోయాయి. పక్కింటి పని చూస్తున్న మేస్త్రీని పిలిచి అడిగాను, స్లాబు ఎప్పుడు వేస్తారని.

“మొదటి స్లాబు దసరాకండి. ఏం మేడమ్, దుమ్ము పడుతోందా?”

“ఎండ పడుతోంది.”

“ఎండ మంచిదే గదండీ. డాక్టర్లు కూర్చోమంటున్నారు.”

ఆదివారం పొద్దున గడియారం, పుస్తకం పట్టుకుని బయలుదేరాను. తూర్పు అరుగుల వారన నడిచాను. డెబ్భై నాలుగేళ్ళ ముసలిది ఇళ్ళ మధ్య సందుల్లోకి తొంగి చూస్తుంటే జనం ఏమనుకుంటారో తెలుసు. అయినా చూశాను. పదకొండు సందులు రాసుకున్నాను. అందులో ఒక్కటే పనికొస్తుంది. మూడు వీధుల అవతల, ఒక పెంకుటింటికీ పక్కనున్న ఎత్తు గోదాముకూ మధ్య. అరగంటకు మించి ఎండ రాదు. సోమవారం ఆ గేటు దగ్గర నాలుగు నిమిషాలు నిలబడి, గడియ తీయకుండానే తిరిగి వచ్చేశాను.

ఇవాళ మంగళవారం. ఎనిమిదిన్నరకు నేలపువ్వు కుండ చంకన పెట్టుకుని వెళ్ళాను. ఎత్తుకున్న కుండతో వెనక్కి తిరగడం కష్టమని ముందే లెక్క వేసుకున్నాను. వసారాలో నలభై ఏళ్ళావిడ మిషను కుడుతోంది.

“బ్లౌజులైతే ఈ వారం తీసుకోనండి” అంది తలెత్తకుండానే.

“బ్లౌజు కాదమ్మా.” అక్కడితో ఆగిపోయాను. ఆపైన ఏమనాలో ఇంటి దగ్గర మూడు రకాలుగా కాగితం మీద రాసుకున్నాను. ఒక్కటీ నోటికి రాలేదు. వచ్చినవి ఆయన మాటలే.

“మీ సందు ఎవరికన్నా ఇచ్చారా అండీ?”

మిషను ఆగింది. “సందా? సందు ఎవరికిస్తామండీ?”

“మొక్కలు పెట్టుకోవడానికి. ఎండకు ఆగని మొక్కలు. పద్నాలుగున్నాయి. ఒకటి తెచ్చాను.”

ఆవిడ లేచి వచ్చి కుండలోకి చూసింది. నన్ను చూసింది. మళ్ళీ కుండలోకి చూసింది.

“ఇందులో ఏం లేదు గదండీ. మట్టేగా.”

“పడుకుందమ్మా” అన్నాను. “మే నెలలో లేస్తుంది.”

“ఎన్నాళ్ళుంచాలండీ?”

దసరా ఏ తేదీనో, ఇవాళ్టికి ఎన్ని రోజులో నాకు తెలుసు. చెప్పలేకపోయాను. “మా గోడకు మళ్ళీ నీడ వచ్చేదాకా” అన్నాను.

ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుని, సందు వైపు నడిచింది. “కాస్త ఉండండి. అడ్డంగా పాత సైకిలొకటి ఉంది. దానికి నీడెందుకులెండి, తీసేస్తాను.”